హాకీ కుర్రాడి మీద వాకబు

అమెరికాకి వచ్చిన కొత్తలో ఎవరైనా నవ్వుతూ ఏదైనా ఇస్తే నాకు ముందు భయం వేసేది, తర్వాతే సంతోషం. అలాంటి నన్ను హెర్న్‌డన్‌లో మా ఆఫీసువాళ్లు ఫాంటసీ హాకీ లీగ్‌లో చేర్చారు. నిజమైన ఆటగాళ్లను కాగితం మీద మన టీములుగా పంచుకుంటాం, వాళ్లు అసలు మ్యాచ్‌లో బాగా ఆడితే మనకు పాయింట్లు, కావాలంటే ఆటగాళ్లను ఒకరితో ఒకరం మార్చుకోవచ్చు. (మంచు మీద ఆడే హాకీ అండీ. నాకు తెలిసింది నేల మీద ఆడేదే, అదీ స్కూల్లో గట్టు మీద కూర్చుని చూశాను.) చేర్పించింది పక్క క్యూబికల్ అమెరికన్ పెద్దాయన. ఆ ఆఫీసులో నన్ను లంచ్‌కి రమ్మని పిలిచే మనిషి ఆయనొక్కరే.

సీజన్ మధ్యలో ఒక సోమవారం ఆయన మార్చుకుందామంటూ ట్రేడ్ మెయిల్ పంపారు. తన ఇరవై ఏళ్ల కుర్రాడు నాకు, నా ముప్పయ్యారేళ్ల గోల్‌కీపర్ తనకు. కుర్రాడు మెరికలాంటివాడు, ఇంకా పదేళ్లు ఆడతాడు. నావాడు సగం రోజులు బెంచీ మీదే. శుక్రవారంలోగా తేల్చాలి, ఆ తర్వాత మార్పిడులు బంద్. నా రూమ్మేట్ వరంగల్ అన్న ఆ మెయిల్ రెండుసార్లు చదివాడు.

"గింత మంచి పోరన్ని ఊకెనే ఎట్ల ఇస్తడు తమ్మీ? ఏదో లొసుగు ఉంటది. వాకబు చెయ్యి."

చేశాను, పెళ్లి సంబంధానికి చేసినట్టే. ఎత్తు, బరువు, మోకాళ్లు, అమ్మానాన్నలు ఏం చేస్తారు, పాత టీము ఎందుకు వదిలాడు, అన్నీ. మనవాళ్ల వాకబు అంటే చుట్టుపక్కల అందర్నీ అడగడమే, అసలు మనిషిని తప్ప. ఆఫీసులో టెస్టింగ్ చేసే అమ్మాయిని అడిగాను. కింద సెక్యూరిటీ ఆయన్ని కూడా అడిగాను, "పెద్దాయన ఇంతకుముందు ఎవరినైనా ముంచారా?" అని గొంతు తగ్గించి మరీ. ఎవరూ ఒక్క చెడ్డమాట చెప్పలేదు. దాంతో అనుమానం ఇంకా ముదిరి, అందరూ కుమ్మక్కయ్యారనుకున్నాను. శుక్రవారం సాయంత్రం రిజెక్ట్ నొక్కేసి, గండం గడిచిందని ఇంటికెళ్లి రెండు పెసరట్లు ఎక్కువే తిన్నాను.

సోమవారం ఆయనే నా సీటు దగ్గరికొచ్చారు. కోపంగా లేరు. కోప్పడినా బాగుండేది.

"ఆ గోల్‌కీపర్‌ది మా ఊరే. వాడికి ఆరేళ్లప్పుడు స్కేట్ల లేసులు కట్టింది నేనే. ఈ ఏడాదితో వాడు ఆట మానేస్తున్నాడు, నేను ఉద్యోగం మానేస్తున్నాను. ఆఖరి నాలుగు నెలలైనా వాడు నా టీములో ఉంటే బాగుంటుందనుకున్నాను" అన్నారు. తర్వాత నవ్వి, "సెక్యూరిటీ దాకా వెళ్లావట! నా సీటు ఇక్కడే కదా, నన్ను అడగొచ్చుగా" అన్నారు.

సిగ్గుతో చచ్చిపోయాను. "ఇప్పుడే ఇచ్చేస్తాను, ఊరికే తీసుకోండి" అని బతిమాలాను. గడువు దాటిందని లీగ్ ఒప్పుకోలేదు. ఆయన మాత్రం ఆ రోజు కూడా లంచ్‌కి పిలిచారు.

ఆ కుర్రాడు ఇప్పుడు చాలా పెద్ద ఆటగాడు. టీవీలో కనిపించినప్పుడల్లా, "వీడు నా చేతికి వచ్చి జారిపోయాడు తెలుసా" అని మా ఆవిడ దగ్గర గొప్పలు పోతాను. నేను భలే తెలివితక్కువవాణ్ణని ఆవిడ నవ్వుతుంది, నేనూ నవ్వుతాను. గోల్‌కీపర్ సంగతి మాత్రం ఆవిడకి ఇంతవరకూ చెప్పలేదు.