అత్తయ్య సంచిలో ఫ్యూజులు

మా మేనత్త చేతిసంచిలో ఎప్పుడు చూసినా ఎవరింటిదో ఒక ఫ్యూజు ఉంటుంది. అందరు ఆడవాళ్ళ సంచుల్లో ఉన్నట్టే దువ్వెన, తాళాలు, తలనొప్పి మాత్రలు ఉంటాయి. అడుగున మాత్రం ఓ టెస్టరు, ఓ పటకారు, వాటి మధ్య ముద్దుగా పడుకున్న పింగాణీ ఫ్యూజు. దొంగబుద్ధి కాదు, ఉత్త మతిమరుపు. అలాగని మేమంతా నవ్వుకునేవాళ్ళం.

ఆవిడ కరెంటు బోర్డులు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయింది. ఇంట్లో కాలు నిలవక, చుట్టాల ఇళ్ళలో అక్కర్లేని దీపాలు పీకే పని నెత్తిన వేసుకుంది. కొత్తవి పెట్టమంటే పెట్టదు. పెట్టేవాళ్ళు వీధికొకరున్నారు, తీసేవాళ్ళే కరువయ్యారు అంటుంది. ముందు ఆ గది ఫ్యూజు పీకి సంచిలో పడేసుకుంటుంది, తను స్టూలెక్కాక ఏ మహానుభావుడో పొరపాటున కరెంటు వేసెయ్యకుండా. పనయ్యాక ఒక్కోసారి దాంతోపాటే ఇంటికి చక్కా పోతుంది. అలా ఓసారి మా బాబాయి కరెంటు షేవరుతో సగం గెడ్డం గీసుకుని, మిగతా సగానికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళాడు. అప్పట్నించీ ఆవిడ పేరు ఫ్యూజత్తయ్య.

ఇక ఆవిడ అనుమానం సంగతి. ఫ్యూజు పీకినా తీగలో కరెంటు లేదంటే నమ్మదు. ముందు టెస్టరుని కరెంటున్న ప్లగ్గులో పెట్టి వెలిగిందో లేదో చూస్తుంది. తర్వాత తియ్యాల్సిన తీగకి ఆనిస్తుంది. వెలగకపోతే, ఈలోగా టెస్టరే చచ్చిపోయిందేమోనని మళ్ళీ వెళ్ళి ప్లగ్గులో పెట్టి చూస్తుంది. ఇల్లంతా కరెంటు తీసేసిన రోజున పక్కింటికి వెళ్ళి మరీ చూసుకుంటుంది. మా పక్కింటావిడకి ఇది అలవాటైపోయింది. అత్తయ్య గుమ్మంలో కనబడగానే ఏమీ అడక్కుండా ప్లగ్గు వైపు చెయ్యి చూపించేది.

ఈవిడ్ని అందరికంటే ఎక్కువ ఏడిపించేది మా నాన్న. అక్క మా ఇంటికొస్తే వెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఆపి సంచి తనిఖీ చేసేవాడు. ఆవిడ బుద్ధిగా సంచి తెరిచి చూపించేది.

మొన్న చెల్లి ఆస్పత్రి నుంచి పసిపాపతో సాయంత్రం ఇంటికి వస్తుందనగా, ముందుగది హడావుడిగా సిద్ధం చేస్తున్నాం. ఆ గదిలో తడి పీల్చే గోడ ఒకటుంది. దాని మీద పువ్వుల ఆకారంలో రెండు పాత గోడదీపాలు. ఒకటి వెలగదు, ఇంకోటి వెలిగితే చిటపటమంటుంది. వాటి కిందే పాప ఇనుప ఉయ్యాలమంచం పడాలి. మేస్త్రీ దీపాలు కత్తిరించి, తీగలు లోపలికి తోసి, పైన సిమెంటు మెత్తేస్తానన్నాడు. నాన్న సరేనన్నాడు. అత్తయ్య మాత్రం మేస్త్రీకి టీ ఇచ్చి సాగనంపింది.

నాన్న పెరట్లో మంచానికి రంగు వేస్తున్నాడు. నేను స్టూలు పట్టుకున్నాను. అత్తయ్య గది ఫ్యూజు సంచిలో వేసుకుని, దీపం మరలు విప్పి, టెస్టరు ఆనించింది.

వెలిగింది.

ఆవిడ కాసేపు దానివంక చూసి, వెళ్ళి వంటింటి ఫ్యూజు కూడా పీకింది. ఇప్పుడు వెలగలేదు. మా ఇంటికున్నవి ఆ రెండు ఫ్యూజులే కనక, టెస్టరు చూసుకోడానికి పక్కింటికి వెళ్ళొచ్చింది. తర్వాత తీగని మెల్లగా లాగితే గోడ పెచ్చు ఊడి, లోపలి అతుకు బయటపడింది. వంటింటి లైను నుంచి తెచ్చిన తీగని చేత్తో మెలేసి, దాని మీద దెబ్బలకి వేసే ప్లాస్టరు చుట్టారు. అది నల్లగా మాడి ఉంది. సరిగ్గా మంచం ఆనే ఎత్తులో.

మేస్త్రీ మాట విని ఉంటే ఇది గోడలో అలాగే ఉండిపోయేది.

ఇంతలో చేతికి రంగుతో నాన్న వచ్చాడు. అత్తయ్య చటుక్కున పక్కనున్న కేలండరు తీసి ఆ కన్నం మీద తగిలించింది.

"ఈ దీపాలు పెట్టింది నువ్వే కదరా?" అంది మామూలుగా.

"ఇంకెవరు? వైరింగుతో సహా నేనే. ఇన్నేళ్ళలో ఏమైనా అయిందా చెప్పు" అన్నాడు నాన్న మీసం సవరించుకుంటూ. మీసానికి తెల్లరంగు అంటుకుంది.

"ఏం కాలేదు. ఆకలేస్తోంది, ఇంటికెళ్ళి వస్తా" అని ఆవిడ సంచి తగిలించుకుని పెరటి గుమ్మంలోంచి వెళ్ళిపోయింది. తనిఖీకి దొరకలేదు.

కాసేపటికి నాన్న మిక్సీ వెయ్యబోతే తిరగలేదు. నవ్వుతూ ఫోను చేసి, ఈసారి రెండు ఫ్యూజులు ఎత్తుకెళ్ళావు, వయసుతోపాటు పెరుగుతోందే అన్నాడు. అవతల అత్తయ్య తన మతిని తనే నాలుగు తిట్టుకుంది.

తిరిగొచ్చేసరికి ఆవిడ చేతిలో అన్నం గిన్నె లేదు, కొత్త తీగచుట్ట, సరైన టేపు ఉన్నాయి. రాగానే నాన్నని బజారుకి తరిమింది. గోడకి కోడిగుడ్డు పెంకు లోపలివైపు ఉండే రంగు కావాలట, తెలుపు వద్దు, మీగడ రంగు అసలొద్దు. అలాంటి రంగు ఏ కొట్లోనూ ఉండదని ఆవిడకి తెలుసు. నాన్న పట్టు వదిలే మనిషి కాడనీ తెలుసు.

ఆయన కొట్లన్నీ గాలిస్తుంటే, ఇక్కడ ఆవిడ అతుకు విప్పి, తీగ మొదలు వెతుక్కుంటూ వంటింటి జంక్షన్ బాక్సు దాకా వెళ్ళి, అక్కడ విడదీసి, మొత్తం బయటికి లాగేసింది. ఆ బాక్సులోంచి వంటింట్లోకి వెళ్ళే తీగ కూడా ఎండి పెచ్చులూడుతుంటే కొత్తది వేసింది. గోడలో ఏమీ మిగల్లేదు. మళ్ళీ పక్కింటికి వెళ్ళొచ్చింది.

నేనుండబట్టలేక అడిగాను. "నాన్నతో ఒక్క మాట చెప్పొచ్చుగా అత్తయ్యా?"

ఆవిడ కన్నంలో లప్పం నింపుతూ అంది. "నువ్వు పుట్టినప్పుడు పెట్టాడమ్మా అవి. పాలిచ్చేటప్పుడు మీ అమ్మకి నీ మొహం కనబడాలని. ఇవాళ మనవరాలు వస్తుంటే, నీ చేత్తో గోడలో నిప్పు పెట్టావురా అని చెప్పమంటావా? ఇంక వాడా మంచం దగ్గరికి పోగలడా?"

"మరి మీ మతిమరుపో?"

"తప్పు పట్టుకుంటే ఇంటాయన మొహం చిన్నబోతుంది. తప్పు కనబడ్డ చోట కరెంటు ఉంచి రాలేను. ఫ్యూజు పట్టుకుపోతే వాళ్ళే నవ్వుతూ పిలుస్తారు, సామాను తెచ్చుకుని బాగుచేసి వస్తాను. నవ్వితే నాకేం అరిగిపోతుంది?"

నాకు ఆ క్షణాన ఆవిడ మీద ఎంత ప్రేమ వచ్చిందంటే, పట్టుకున్న స్టూలు వదిలేశాను. అందుకు మాత్రం గట్టిగానే తిట్టింది.

సాయంత్రం పాప వచ్చింది. మంచం గోడకి ఆనించి, నాన్న పక్కనే కూర్చుని ఆ గుప్పెడంత మొహాన్ని చూస్తూ, ఒకప్పుడు ఈ గోడ మీద తను పెట్టిన దీపాల గురించి పాపకి చెప్పుకొచ్చాడు. అత్తయ్య, ఎంత బాగుండేవో అని వంత పాడింది.

వెళ్ళేటప్పుడు నాన్న గేటు దగ్గర ఆపాడు. ఆవిడ సంచి తెరిచింది. మా ఫ్యూజులు రెండూ బోర్డులోనే ఉన్నాయి, సంచిలో మాత్రం ఇంకెవరిదో ఒకటుంది.

నాన్న పగలబడి నవ్వాడు. "ఎవరింటిదే అక్కా ఇది? పాపం, వాళ్ళు చీకట్లో కూర్చుని నిన్ను తిట్టుకుంటూ ఉంటారు."

"ఉంటార్రా" అంది అత్తయ్య, సంచి మూసుకుంటూ.

నేనూ నవ్వాను. ఆ చీకటింట్లో ఎవరో గానీ, చల్లగా, క్షేమంగా తిట్టుకుంటూ ఉంటారు.