తాడిచెట్టు మీద మా అవ్వ పగ

మా అవ్వ ఎస్తేరమ్మకు పొద్దున లేవగానే రెండు పనులు. మొదటిది ప్రార్థన. రెండోది పెరట్లోకి వెళ్లి తాడిచెట్టును తిట్టడం. ప్రార్థన రెండు ముక్కల్లో ముగించేది. తిట్లు మాత్రం తీరిగ్గా తిట్టేది.

"నా మొగుణ్ణి తోసేసి నువ్వు మాత్రం నిటారుగా నిలబడుకోనుండావే. సిగ్గుండాదా నీకు? ఎందుకు తోసినావో చెప్పు. చెప్పిందాకా వదల్ను."

మా పల్లె తోటపల్లి గూడూరుకు తూర్పున, సముద్రం హోరు వినిపించేంత దూరంలో ఉంది. ఇసక నేల. వరి తక్కువ, తాడిచెట్లు ఎక్కువ. మా తాత నరసయ్య ఆ చుట్టుపక్కల తాళ్లెక్కడంలో మొనగాడు. పెళ్లికి ముందు బాప్తిస్మం తీసుకున్నాడు గానీ పేరు మార్చుకోలేదు. అలవాటూ మార్చుకోలేదు. ఎక్కే ముందు మాను మీద చెయ్యి పెట్టి, చెవి ఆనించి, "ఎక్కనా" అని అడిగేవాడు. ప్రతి చెట్టులోనూ ఒకరుంటారని, అడక్కుండా ఎక్కితే ఊరుకోరని ఆయన నమ్మకం. "ఒకరింటికి పోతా వాకిలి తట్టొద్దా" అనేవాడట. నేనాయన్ను చూడలేదు. నేను పుట్టక ముందే, 1951లో, మా పెరటి చెట్టు మీంచి పడి చచ్చిపోయాడు.

పడినప్పుడు కింద ఉన్నది ఒక్క అబ్రహాము గారే. ఆయన మా క్రైస్తవ సంఘ పెద్ద, పదెకరాల ఆసామి. తన ఇంటి కప్పుకు తాటాకు కావాలని మా తాతను ఎక్కించిందీ ఆయనే. "తాగి ఎక్కినాడు, పట్టు తప్పింది" అని అందరికీ చెప్పారు. అవి కల్లూ సారా నిషేధించిన రోజులు. దొంగతనంగా తాగి చచ్చినవాడికి సమాధుల తోటలో చోటెట్లా అని సంఘం మా తాతను ముళ్లకంచెకు బయట పాతిపెట్టింది.

అవ్వ ఆ మాట నమ్మలేదు. మా తాత కల్లు ముంత ముట్టి ఎరగడు. నడుముకు చుట్టుకున్న మోకుతాడు తెగలేదు. కాలు జారే మనిషి కాదు. ఇక మిగిలింది చెట్టే. చెట్టు తోసిందంటే తాత మర్యాదస్థుడు. చెట్టులో ఎవరూ లేరంటే తాత తాగుబోతు. అవ్వ తర్కం అంత సూటిగా ఉండేది. తాత తాగలేదని సంఘం నలుగురిలో ఒప్పుకోవాలి, ఆయన్ను కంచె లోపలికి తీసుకోవాలి. ఆమెకు కావలసింది అంతే. దానికి ముందు చెట్టు తన నేరం ఒప్పుకోవాలి. అందుకే పదకొండేళ్లు రోజూ విచారణ.

నాకు ఎనిమిదో ఏట ఒక బుద్ధి పుట్టింది. ఒక పొద్దున చెట్టు వెనక నక్కి, అవ్వ "చెప్పు" అనగానే గొంతు లావు చేసి "నేనే తోసినా" అన్నాను. అవ్వ తొణకలేదు. తిన్నగా వెనక్కి వచ్చి నా చెవి మెలిపెట్టింది.

"నేనని ఎట్టా తెలిసింది అవ్వా?"

"దానికి నోరే ఉంటే ఈపాటికి అబద్ధం చెప్పుండేది గదే. నోరుండి నిజం చెప్పేవాళ్లు యాడుండారు ఈ ఊళ్లో?"

ఆ పూట నాకు సద్దన్నం లేదు. మధ్యాహ్నం మాత్రం, చెవి ఎట్లా ఉందని అడక్కుండా, కాల్చిన తేగ ఒకటి నా ఒళ్లో పడేసి పోయింది.

మరుసటి ఏడు గాలివానకు మా ప్రార్థన మందిరం కప్పు లేచిపోయింది. ఈసారి తాటాకు వద్దు, పెంకులు వేద్దామని సంఘం తీర్మానించింది. పెంకుల బరువు మోయాలంటే ముదురు తాటి దూలాలు కావాలి. ఊళ్లోకెల్లా ముదురు చెట్టు మాదే. అబ్రహాము గారు చెట్లు కొట్టే హజరత్తయ్యను వెంటబెట్టుకొని మా వాకిట్లోకి వచ్చారు.

"ఎస్తేరమ్మా, నీ శత్రువును దేవుడి పనికి ఇచ్చెయ్. నీ పీడా వదులుతుంది" అన్నారు నవ్వుతూ.

"ఇస్తా అబ్రహామన్నా. ఆదివారం మందిరంలో నిలబడి, నరసయ్య తాగలేదు, చెట్టే తోసింది అని చెప్పు. సోమవారం కొట్టుకోని పో."

"చెట్టులో చెక్క తప్ప ఏముందమ్మా? ముప్పై ఏళ్లు దేవుడి వాక్యం విని నువ్వు నేర్చుకున్నది ఇదా?"

"ఉత్త చెక్కేనా? అయితే పదకొండేళ్లుగా నేను పెట్టిన శాపాలు దానికి తగిలుండవు. ఇంకెవురికి తగిలినాయో మరి. నీ ఒళ్లు ఒకసారి తడుముకోని చూసుకో."

హజరత్తయ్య నవ్వు ఆపుకోలేక దగ్గాడు. అబ్రహాము గారి మొహం నల్లబడింది.

"సంఘంలోంచి వెలి వేయిస్తా నిన్ను."

"వెయ్యి. నా మొగుడు కంచె బయటే ఉండాడు. పోయి పక్కన కూచుంటా."

అన్నంత పనీ చేశారు. మందిరంలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనం అవ్వకు ఆపేశారు. పక్కింటివాళ్లు నిప్పు ఇవ్వడం మానేశారు. ఆదివారం బళ్లో పిల్లలు నన్ను చూసి చెట్టుతో మాట్లాడేదాని మనవరాలని ఎగతాళి చేశారు. నేను ఇద్దరి జుట్టు పీకి ఇంటికొచ్చేశాను. రెండు జుట్లేనా అని అవ్వ అడిగింది.

నెల గడిచింది. కప్పు లేని మందిరంలో జనం ఎండకు మాడుతున్నారు. అబ్రహాము గారు ఈసారి ఒక్కరే వచ్చారు.

"తాగలేదని చెప్తా. చెట్టు మాట మాత్రం చెప్పలేను. విగ్రహారాధన అవతది."

"రెండో మాట లేకపోతే మొదటిది నిలవదు. తాగలేదు, చెట్టు తొయ్యలేదు, మరి ఎట్టా పడినాడు అంటారు. ఏం చెప్తావు?"

తాత పడినప్పుడు కింద ఉన్నది ఆయన ఒక్కరే గదా. అవ్వ అదే మాట మళ్లీ అడిగింది. ఆయన లేచి వెళ్లిపోయారు.

ఆ ఆదివారం అవ్వ నన్ను తీసుకొని మందిరం గోడ బయట నిలబడింది. కప్పు లేదు గనక లోపలి మాటలన్నీ బయటికి వినిపించేవి. ఆరాధన ముగిసే వేళకు అబ్రహాము గారు లేచారు.

"ఎస్తేరమ్మ అడిగినదానికి జవాబు నా దగ్గరుండాది. ఆ పొద్దు సముద్రం మీద వాయుగుండం పట్టింది. వాన పడక ముందే నాకు ఆకు కావాలనుకున్నా. నరసయ్య చెట్టు మీద చెయ్యి పెట్టి, ఈపొద్దు వద్దంటా ఉంది పెద్దయ్యా, రేపెక్కతా అన్నాడు. వద్దనేదానికి దాంట్లో ఎవురుండార్రా, నువ్వు తీసుకున్నది బాప్తిస్మమా, ఉత్త స్నానమా అని ఎగతాళి చేసినా. ఈ సంగతి సంఘంలో చెప్తానన్నా. రోషానికి ఎక్కినాడు. గాలికి పడినాడు. చుక్క కూడా తాగలేదు. నా తప్పు బయటపడతదని ఆ మాట పుట్టించినా."

నేను అవ్వ మొహం చూశాను. ఏడుస్తుందనుకున్నాను.

"చెట్టు వద్దనిందా?" అని గోడ మీంచి అరిచింది.

"నరసయ్య అట్టా అన్నాడు" అని లోపల్నుంచి జవాబు వచ్చింది.

"ఆయన అబద్ధం చెప్పడు" అని అవ్వ ఇంటికి నడిచింది.

మరుసటి పొద్దున ప్రార్థన అయింది. పెరట్లోకి మాత్రం పోలేదు. తర్వాత బర్రెకు గడ్డి వెయ్యడానికి పోక తప్పలేదు. అప్పుడు కొంగు తల మీద కప్పుకొని, చెట్టువైపు చూడకుండా, అత్త మీద చెయ్యని నేరం మోపిన కోడలిలా గోడ వారన పోయింది.

"ఈపొద్దు తిట్లు లేవా అవ్వా?" అన్నాను.

"నోరు మూసుకో."

ఆ వారంలోనే సమాధుల తోట కంచె ఎనిమిది అడుగులు అవతలికి జరిగింది. మా తాత కదలకుండానే లోపలికి వచ్చాడు. అవ్వ పోయి నాలుగు వైపులా తిరిగి ముళ్లకంపను కాలితో తన్ని చూసి, గట్టిగానే ఉందని తేల్చుకొని వచ్చింది. తర్వాతి సోమవారం అబ్రహాము గారు, హజరత్తయ్య గొడ్డలితో వచ్చారు.

"నలుగురిలో చెప్పినా. కంచె జరిపించినా. ఇంక చెట్టిస్తావా?"

"నన్నెందుకు అడగతావు? దాన్నడుగు. ఆ పొద్దు అది చెప్పింది నా మొగుణ్ణి విననీలేదు నువ్వు. ఈ పొద్దు నువ్వే విను. సరే అంటే కొట్టుకో."

"నేను సంఘ పెద్దను ఎస్తేరమ్మా."

"నా మొగుడు కూలోడు. ఆయన అడగలా?"

హజరత్తయ్య గొడ్డలి కింద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగాడు. అడగని చెట్టు మీద తాను దెబ్బ వెయ్యనని మెల్లగా అన్నాడు. అబ్రహాము గారు చెట్టు దగ్గరికి నడిచారు. తలపాగా తీసి చంకలో పెట్టుకున్నారు. మాను మీద చెయ్యి ఆనించి, మాకు వినపడీ వినపడకుండా "కొట్టనా" అన్నారు. సముద్రపు గాలికి పైన ఆకులు గలగలమన్నాయి. ఆయన చెయ్యి తీసేశారు.

"వద్దంటా ఉంది" అన్నారు, మావైపు చూడకుండా.

"చెయ్యి పెడితే ఏం తెలస్తది? చెవి ఆనించి మళ్లీ అడుగు" అంది అవ్వ.

ఆయన చెవి ఆనించి మళ్లీ అడిగారు. అవ్వ ఇంకోసారి అడిగించింది.

మందిరానికి చివరకు అబ్రహాము గారి పొలంగట్టు మీది నాలుగు తాళ్లు కొట్టించారు. కొట్టే ముందు వాటిని అడిగారో లేదో కనుక్కొని రమ్మని అవ్వ నన్ను పంపింది.