గంగమ్మకు పోసిన గుక్క

అర్జునరావు పడవలో నీళ్ల డబ్బా మూత తీస్తే ముందు తాగేది సముద్రమే. ఒక గుక్క గంగమ్మకు వదిలాకే పడవ నడిపే సరంగుగా అతను తాగుతాడు, అతను తాగాకే మిగతావాళ్లు. వాళ్ల పేటలో తాతల నాటి నుంచీ ఇదే పద్ధతి. ముప్ఫయ్యెనిమిదేళ్ల వేటలో అతను ఒక్క పొద్దు కూడా ఆ పద్ధతి తప్పలేదు. ఇంజను చెడి తొమ్మిది రోజులు నడిసముద్రంలో కొట్టుకుపోయినప్పుడు కూడా తప్పలేదు.

ఆ తొమ్మిది రోజులే అతన్ని వదిలిపెట్టలేదు. ఇరవై రెండేళ్ల కిందటి మాట. పడవలో అతను, తమ్ముడు వీర్రాజు, మరో ఇద్దరు. డబ్బాలో నీళ్లు అడుగంటాయి. రోజూ పొద్దున్నే అన్న గుక్కెడు నీళ్లు సముద్రంలో పోస్తుంటే, వీర్రాజు పగిలిన పెదాలు నాకుకుంటూ చూసేవాడు. ఒక్కసారే నోరు విప్పాడు.

"ఆవిడకెన్ని నీళ్లున్నాయో సూడన్నా. ఆ గుక్క నాకియ్యకూడదా?"

అన్న ఇవ్వలేదు. తొమ్మిదో రోజు పొద్దున్న గంగమ్మకు పోసి వెనక్కి తిరిగేసరికి తమ్ముడి కళ్లు తెరుచుకునే ఉన్నాయి గానీ చూపు లేదు. ఆ సాయంత్రమే ఓ ఓడ వాళ్లను చూసింది. ఆ గుక్కలు తమ్ముడికిచ్చి ఉంటే సాయంత్రం దాకా ఉండేవాడా? పెళ్లాం అడిగినా, పిల్ల అడిగినా అర్జునరావు ఈ సంగతి బయటపెట్టలేదు. మోసే కొద్దీ బరువెక్కింది తప్ప ప్రశ్న తీరలేదు.

ఈ ఏడు వేట నిషేధం మొదలై పడవలన్నీ హార్బరులో వరసగా కట్టేశారు. అర్జునరావు చిరిగిన వలలన్నీ బాగుచేసి, చిరగని వలలు కూడా విప్పి చూడటం మొదలుపెట్టాడు. కూతురు ఈశ్వరికి జాలేసింది. ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటరు పై అంతస్తులో వీడియో గేములు తయారుచేసే చిన్న ఆఫీసుంది. తయారైన ఆటల్ని ఆడి తప్పులు పట్టడం ఆ పిల్ల ఉద్యోగం.

"నాన్నా, నాతో వచ్చీ. ఎప్పుడూ గేమ్ ఆడనోళ్ల సేత ఆడించి సూడాలంట."

"నానాడితే నీ ఉద్యోగం ఊడిపోద్దే!"

"ఊడితే నీ పడవెక్కేత్తాను. సేపలేరితే కూలిత్తావా, ఇవ్వవా?"

ఆ ఆటలో ఒక ఊరు, ఊరి చుట్టూ శత్రువుల సైన్యం. ఒక ఇంట్లో చిక్కుకున్న నలుగురిని నలభై రోజులు బతికించాలి. ఒక డబ్బా నీళ్లు, కాసిని రొట్టెలు, కట్టుగుడ్డలు, దీపానికి కిరసనాయిలు. రెండు రోజులకోసారి నీళ్లబండి వస్తుందంటారు, నమ్మకం లేదు. నలుగురికీ పేర్లు పెట్టమంది ఈశ్వరి. ముగ్గురికి నోటికొచ్చిన పేర్లు చెప్పాడు. సన్నగా, పొడుగ్గా, గోడకానుకుని కూర్చున్న కుర్రాడి దగ్గర మాత్రం కాసేపు ఆగాడు.

"ఈడు వీర్రాజు."

ఫొటోలో తప్ప చూడని బాబాయి పేరు. ఆ పిల్ల ఆ పేరే టైపు చేసింది.

ఆటలో మొదటి పొద్దు అతను డబ్బా మూత తీసి, గడప బయట మెట్టు మీద ఒక గుక్క పోసి, తర్వాతే ఇంట్లోవాళ్లకు పంచాడు. చెయ్యి తనంతట తనే అలా పోయింది. రెండో పొద్దూ అంతే. మూడో పొద్దుకు బండి రాలేదు. తర్వాత నాలుగు రోజులకోసారి, ఆపైన ఆరు రోజులకోసారి వచ్చింది. డబ్బా ఎంత తేలికైనా మెట్టు తడుస్తూనే ఉంది. పంతొమ్మిదో పొద్దున వీర్రాజు కూర్చునే చోట మడతపెట్టిన దుప్పటి ఒక్కటే ఉంది.

"ఎందుకలగయ్యింది?" అర్జునరావు ఆ దుప్పటి వైపు వేలు చూపించాడు.

"ఆడేవోణ్ణి ఆట కనిపెట్టుకునుంటాది నాన్నా. ఇంట్లో నిండుగుంటే కష్టం పెంచుద్ది, లేకపోతే కొంచెం జాలిపడద్ది. నువ్వు రోజూ పారబోత్తన్నావు గదా, మిగిలిపోతన్నాయనుకుంది."

"అడుగంటినాక కూడా పోసేను గదే!"

"అప్పుడింకా అనుమానం. ఎక్కడో దాసుకున్నారనుకుని బండిని ఇంకా లేటు సేసింది. ఈసారి పొయ్యకుండా ఆడు."

పోయకుండా ఆడటానికి మనసొప్పేసరికి అతనికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు కుర్చీలో కూర్చుని, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని మరీ ఆడాడు. బండి చెప్పిన వేళకు వచ్చింది. వీర్రాజు బుగ్గలు పూడాయి. నలభయ్యో పొద్దున తలుపు తెరుచుకుంది, ముగ్గురు బయటికి నడిచారు. వీర్రాజు మాత్రం గడపలో ఆగాడు. వంగి, పొడిగా ఉన్న మెట్టును వేళ్లతో తడిమాడు. తర్వాత తలెత్తి తెరలోంచి సూటిగా ఇటు చూశాడు.

"ఈడాగకూడదే..." ఈశ్వరి మీటలు నొక్కింది. కుర్రాడు కదల్లేదు. కంప్యూటరు ఆపేసింది. తెర నల్లబడ్డాక కూడా ఆ రెండు కళ్లు ఉన్నచోట కాస్త వెలుగు మిగిలింది.

అప్పుడు చెప్పాడు అర్జునరావు, తొమ్మిది రోజులూ, తొమ్మిది గుక్కలూ. విన్నాక ఈశ్వరి తండ్రి చెయ్యి పట్టుకుంది.

"పారబోత్తే నీళ్లు మిగిలున్నాయనుకోడం మేం రాసిన లెక్క నాన్నా. సముద్రానికి అలాటిదేటీ లేదు."

"లేదని నీకెవలు సెప్పేరమ్మా?"

నిషేధం ఎత్తేసిన మొదటి పొద్దు. తీరం కనుమరుగయ్యింది. పడవలో అతను కాక ముగ్గురు. అర్జునరావు డబ్బా మూత తీసి, గ్లాసు ముంచి, అలాగే నిలబడిపోయాడు. సరంగు పోసేదాకా ఎవరూ తాగరు. ఎండ నెత్తికెక్కుతోంది.

"ఏటి బావా, గంగమ్మతో కబుర్లా? ఈ లోపల మా నాలికలు ఎండుసేపలైపోతన్నాయి," అన్నాడు బావమరిది ఎల్లాజీ.

అర్జునరావు అంచు మీదికి వంగి ఒక గుక్క పోశాడు. మళ్లీ పోశాడు. మూడు. నాలుగు.

"బావా! ఏటి సేత్తన్నావ్? ఇంక మనకేటి మిగుల్తాది?"

"ఇయ్యి గంగమ్మకి కాదురా. ఆవిడ తాగింది సాలు." తొమ్మిది గుక్కలూ అయ్యేదాకా ఆగలేదు. "తాగరా తమ్ముడూ," అన్నాడు నెమ్మదిగా.

మిగిలిన నీళ్లు ముందు ముగ్గురికీ ఇచ్చి, చివర తాను తాగాడు. ఎల్లాజీ మాత్రం గ్లాసు నోటిదాకా తెచ్చి ఆపేశాడు. నీళ్లు పోసిన చోట సముద్రం మీద కంచమంత మేర అల లేదు, నురగ లేదు, అద్దంలా నునుపుగా ఉంది. పడవ ముందుకు పోతుంటే అది వెనకబడలేదు, పక్కనే వస్తోంది. ఎల్లాజీ ఇంజను తగ్గించాడు. అదీ నెమ్మదించింది.