ప్రతాపసింగారం తోవలో సువార్తమ్మ

నాచారంలో ఒక మాట ఉంది. సువార్తమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపి సైకిలెక్కి, ప్రతాపసింగారం తోవలో మెరిసే టోపీలు పెట్టుకొని పోతున్న సాఫ్ట్‌వేర్ సైకిలోళ్లను పదిమందిని వెనకేసిందట. పదిమందా పాతికమందా అన్నది చెప్పే మనిషిని బట్టి మారుతుంది. కళ్లారా చూశామన్నవాళ్లు ఇప్పటిదాకా దొరకలేదు. నమ్మనివాళ్లూ దొరకలేదు.

రెండువేల తొమ్మిదో సంవత్సరం సంగతి ఇది. అప్పటికి సువార్తమ్మకు నలభై ఎనిమిదేళ్లు. జనగామ పక్క పల్లెలో పుట్టి, పెళ్లయి నాచారం వచ్చి, ఆ సందులోనే స్థిరపడింది. ఆమె వాకిట్లో నిలబడి కొత్తిమీర అడిగితే హబ్సిగూడలో కట్టలు విప్పేవాళ్లని చెప్పుకుంటారు. గొంతు అలాంటిది.

భర్త వెంకటయ్య పారిశ్రామికవాడలో రేకులు గుద్దే ప్రెస్సు మీద పని. ఇరవై ఏడేళ్లుగా ఆ మిషను ధడేల్ ధడేల్మంటూ దిగుతూనే ఉంది, ఆయన రేకు పెడుతూనే ఉన్నాడు. ఒకప్పుడు మహా కోపిష్టి. పప్పులో ఉప్పు తక్కువైతే గిన్నె వాకిట్లో తేలేది. అలాంటి మనిషి రెండేళ్లుగా గొర్రెపిల్లలా మారిపోయాడు. సువార్తమ్మ ఎంత తిట్టినా చిరునవ్వే తప్ప మారుమాట లేదు. చర్చిలో అందరూ ఆమెన్ చెప్పి కూర్చున్నాక, ఈయన ఒక్కడూ నింపాదిగా, కిటికీలు అదిరేలా ఆమెన్ అనేవాడు. భక్తి ముదిరిందని సంఘమంతా మెచ్చుకుంది.

సువార్తమ్మ ఊరుకుంటుందా? ఒక ఆదివారం మైకు పట్టుకొని సాక్ష్యం చెప్పింది. మూడు రోజుల ఉపవాసానికే దేవుడు తన పెనిమిటి నోరు కట్టేశాడని చెప్పి ఏడ్చింది, ఏడిపించింది. ఆ వారం నాచారంలో సగం ఆడవాళ్లు అన్నం ముట్టలేదట.

ఎదురింటి రోజీ మాత్రం శుభ్రంగా తింది. రోజీ బట్టలు కుడుతుంది, కుట్టేటప్పుడు మాటలూ కుడుతుంది. ఒకరోజు జాకెట్టు కొలతలు తీస్తూ మెల్లగా అంది:

"గింత మంచోడు ఎందుకైండో ఎన్నడన్న అడిగినవా అక్కా?"

రోజీ తమ్ముడు చూశాడట. వరసగా మూడు ఆదివారాలు, తెల్లారీ తెల్లారకముందే, వెంకటయ్య ఇస్త్రీ చొక్కా వేసుకొని, పీర్జాదిగూడ అవతల మనిషి పురుగు లేని తోవలో సైకిలు తొక్కుతూ పోతున్నాడట. గాలికి పోయొస్తానని ఇంట్లో చెప్పి, ప్రార్థన వేళకు తిరిగొచ్చే మనిషి. గాలికి అంత దూరమా?

సువార్తమ్మ కొలతలు సగంలోనే వదిలేసి ఇంటికొచ్చింది. ఆయన్ని మాత్రం అడగలేదు. అడిగితే ఆ చిరునవ్వే వస్తుంది. శుక్రవారానికి ఆమె మనసులో ప్రతాపసింగారంలో ఒక ఆడమనిషి తయారైంది. శనివారానికి ఆ మనిషికి ముక్కుపుడక, పాడి బర్రె, ఇద్దరు పిల్లలు కూడా వచ్చేశారు. ఆ సంసారం ఉన్నదో లేదో ఈ ఆదివారంతో తేలిపోవాలనుకుంది.

సువార్తమ్మకు సైకిలొచ్చని ఎవరికీ తెలియదు. చిన్నప్పుడు వాళ్ల నాయన సైకిలు మీద, కడ్డీ కింద కాలు దూర్చి నేర్చుకుంది. పెళ్లయ్యాక ఎక్కలేదు. రోజీ దగ్గర లేడీస్ సైకిలు అడిగి తీసుకుంది.

ఆదివారం ఐదింటికి వెంకటయ్య బయల్దేరాడు. వెనకాల ఈమె. ఉప్పల్లో లారీలు పోతుంటే ఆయన సైకిలు దిగి, అంచున నడిపించుకుంటూ, నాలుగడుగులకోసారి వెనక్కి తిరిగి చూస్తున్నాడు. తప్పు చేసేవాడు కాకపోతే ఎందుకిన్ని చూపులని సువార్తమ్మ పళ్లు కొరికింది. ఆగి ఉన్న లారీ చాటున నక్కి, దాని మసంతా చీరకు పూసుకుంది.

పీర్జాదిగూడ దాటాక ఆయన సైకిలెక్కాడు. ఇక వెనక్కి తిరగలేదు.

పర్వతాపూర్ అవతల తోవ కిందికి జారుతుంది, మళ్లీ గుట్ట మీదికి లేస్తుంది. అటు బండరాళ్లు, ఇటు మూసీ దాకా పచ్చటి గడ్డి మళ్లు. మధ్యలో ఎవరో వెంచర్ వేసి కొత్త తారు పోసి వదిలేశారు. తెల్లరాళ్లున్నాయి, బోర్డులున్నాయి, ఇళ్లు లేవు. ఒక్క బండి లేదు. దిగుడులో గాలి చెవుల్లో హోరుమంటుంటే సువార్తమ్మకు పన్నెండేళ్ల పిల్లనైపోయాననిపించింది. పెడలు తొక్కకుండా కాళ్లు చాపేసింది. అంతలో ఎందుకొచ్చిందో గుర్తొచ్చి, దాని ఇల్లు ఇంత చల్లటి చోట ఉండాలా అని ఇంకా మండిపోయింది.

వెనకనుంచి సాఫ్ట్‌వేర్ సైకిళ్లు వచ్చాయి. ముందున్నతను గంట కొట్టాడు, అంకుల్ సైడ్ అన్నాడు. రోడ్డు నడిమధ్య పోతున్న వెంకటయ్య జరగలేదు. వాళ్లు మట్టిలోకి దిగి, గొణుక్కుంటూ దాటుకుపోయారు.

ఇక దాగడం దేనికని సువార్తమ్మ కసిగా తొక్కింది. ఆమె భర్తను పేరు పెట్టి పిలవదు, కొడుకు పేరు కలిపి పిలుస్తుంది.

"ఓ శాంసన్ నాయినా!"

మడిలో కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. దూరంగా గడ్డి కోస్తున్న ఆడవాళ్లు నడుము ఎత్తి చూశారు. మూసీ అవతలి కుక్కలు కూడా మొరిగాయట. వెంకటయ్య తల తిప్పలేదు.

ఇంకోసారి అరిచింది. గంట కొట్టింది. పది బారల దగ్గరికొచ్చి, ముప్పై ఏళ్లలో దాచుకున్న తిట్లన్నీ విడిచిపెట్టింది. ఆయన ఏదో కీర్తన గొంతెత్తి పాడుకుంటూ, అపశ్రుతిలో, హాయిగా ఎత్తు ఎక్కిపోతున్నాడు.

సువార్తమ్మ కాళ్లు ఆగిపోయాయి. సైకిలు ఒకపక్క పడింది, ఆమె ఒక తెల్లరాయి మీద కూలబడింది. ఆ చిరునవ్వు, ఆ ఆలస్యపు ఆమెన్, రెండేళ్ల ఓర్పు, అన్నీ వరసగా వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. మైకు పట్టుకొని ఊరందరి ముందు దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నది దీనికా? దేవుడు నోరు కట్టలేదు. ప్రెస్సు మిషను చెవులు తీసుకుపోయింది. పక్కన పడుకున్న మనిషికి లోకం వినిపించడం మానేస్తే రెండేళ్లు తనకు తెలియలేదు.

ఆయన గుట్ట మీదనుంచి తిరిగొస్తూ, రోడ్డు పక్కన భార్యను, సైకిలును చూసి బ్రేకులు పట్టేశాడు. ముఖం తెల్లబోయింది.

"శాంసన్‌కేమన్న అయిందా?" అన్నాడు, కావలసినదానికంటే గట్టిగా.

ఆమె గొంతు లేకుండా పెదాలు మాత్రమే కదిలించింది.

"ఎన్నాళ్ల సంది?"

వెంకటయ్య ఆ పెదాల వంక చూసి, సైకిలు స్టాండు వేసి రాయి పక్కన కూర్చున్నాడు.

"రెండేండ్లు. ఊర్ల తొక్కితె ఎన్కకెళ్లి హారన్ ఇనవడ్తలేదు. కంపెనీకి నడిపిచ్చుకుంటనే పోతున్న. ఈడైతె ఎన్కకెళ్లి లారీలు రావు. ఒక్క పూటన్న తొక్కబుద్ధయితది."

"మరి నేను తిట్టినయన్ని?"

"మొకం సూస్తె సమజైతది. ఎప్పటియే గద."

మరో రెండేళ్లలో సర్వీసు పూర్తవుతుందని, అప్పటిదాకా సూపర్‌వైజరు త్రిమూర్తులుకు తెలిస్తే మిషను మీంచి దింపి ఇంటికి పంపేస్తాడని చెప్పాడు. ఇన్నేళ్లు నిలబడ్డ చోటునుంచి చెవిటోడని పేరు మోసుకుంటూ దిగనన్నాడు. సువార్తమ్మ ఏమీ అనలేదు. అదొక్కటే ఆ రోజు ఆయనకు అర్థం కాలేదట.

ఆ తర్వాత ఆదివారాలు ఇద్దరూ ఒకే సైకిలు మీద పోయేవాళ్లు. ఆమె వెనక క్యారియర్ మీద కూర్చొని, బండి వస్తే ఆయన కుడి భుజం తట్టేది. గేదె అడ్డొస్తే రెండుసార్లు. ముసలితనంలో సరసాలని కాలనీ నవ్వింది. రోజీ నవ్వలేదు. వంగి తిరిగొచ్చిన తన సైకిలు మడ్‌గార్డును చూస్తూ ఆ భుజం తట్టడం, ఆ ఆలస్యపు ఆమెన్, ముక్కా ముక్కా కలిపి కుట్టింది. వారంలో ఆ కుట్టిన మాట కంపెనీ గేటు దాటింది.

త్రిమూర్తులు సాయంత్రం ఇంటికే వచ్చాడు. కోనసీమ మనిషి, మెత్తగా అడుగుతాడు, గట్టిగా చూస్తాడు. వెంకటయ్యకు చెవులు వినిపించడం లేదట కదా అని మొదలుపెట్టాడు. సువార్తమ్మ చాయ్ గ్లాసుతో వచ్చి, భర్తకు తన ముఖం కనపడేలా నిలబడింది. ఏది అడిగినా జవాబు ఆమే చెప్పింది.

"ఆయన్ని మాట్లాడనివ్వమ్మా," అన్నాడు త్రిమూర్తులు.

"ఈ ఇంట్ల ముప్పై ఏండ్ల సంది నేనే మాట్లాడుతున్న సార్. కొత్తగేం లేదు."

త్రిమూర్తులు గ్లాసు అందుకొని, మరి ఆదివారాలు ఆ పాడుపడ్డ తోవలో మొగుడూ పెళ్లాలకు పనేమిటని, ఆవిడ సైకిలు తొక్కిన మాటేమిటని అడిగాడు. వెంకటయ్య పెళ్లాం పెదాల మీంచి చూపు తిప్పలేదు. సువార్తమ్మ కొంగు సర్దుకొని, ఒక్కో మాటా విడదీసి, నిదానంగా చెప్పింది.

"నాకు సైకిలెక్కుడే రాదు సార్. ప్రతాపసింగారం ఏ దిక్కున్నదో ఎరుకలేదు. మా ఆయన ఐతారం పొద్దుగాల మంచం దిగడు. చెవులంటరా, నేను మనసుల తిట్టుకున్నా ఇంటడు. మీకు ఎవలు చెప్పిన్రో గని, గసొంటి ముచ్చట జరగనే లేదు. చాయ్ తాగుండ్రి, సల్లారుతది."