వంగపండు రంగు కారూ, మా మావయ్యా

కిందటి నెల ఒక బుధవారం, నేను పాఠాలు చెప్పే బళ్ళో భోజనాల గంట కొట్టిన కాసేపటికి మా ఆయన సైకిలు మీద వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. ఆయన ఎప్పుడూ బడికి రారు. నేను దగ్గరికి వెళ్ళేసరికి, "నాన్న పోయేడు" అన్నారు. చారన్నం తిని పడక్కుర్చీలో ఒరిగారట. అత్తయ్య మంచినీళ్ళు తెచ్చేలోగా వెళ్ళిపోయారట. బాధ పడకుండా పోయారని వచ్చినవాళ్ళందరూ అన్నారు. నిజమే. బతికినన్నాళ్ళూ కూడా మా మావయ్య దేనికీ ఆదరాబాదరా పడలేదు.

విజయనగరం, శ్రీకాకుళం రోడ్డు మీద తిరిగే మీలో చాలామందికి ఆయన తెలియకపోయినా ఆయన కారు తెలిసే ఉంటుంది. పొడుగాటి ముక్కు, ముందు రెండే సీట్లు, గుడ్డ టాపు మడిచేస్తే నెత్తిన ఆకాశం. వెనక డొప్ప ఎత్తితే ఇంకో ఇద్దరు కూర్చునే చోటు. నలభై ఏళ్ళ కిందటి అమెరికా స్పోర్ట్స్ కారు అది. రివ్వున పరిగెత్తడానికి చేసిన బండిని ఆయన గంటకి పాతిక మైళ్ళు దాటనిచ్చేవారు కాదు. ఎవరైనా నవ్వితే, "బేగి ఎల్లాలంటే రైలెక్కండి. ఇది దారి సూడ్డానికి" అనేవారు.

ఆ కారు ఒక జమీందారుగారిది. మావయ్య బస్సుల షెడ్డులో కుర్ర ఫిట్టరుగా ఉన్నప్పుడు ఒకసారి అది దుమ్ము రేపుకుంటూ పోవడం చూశారట. జమీలు పోయాయి, జమీందారుగారూ పోయారు, కారు బళ్ళ సాలలో పడి ఉండిపోయింది. హెడ్ ఫిట్టరుగా రిటైరయ్యాక మావయ్య వెతుక్కుంటూ వెళితే, జమీందారుగారి భార్య, "తీసుకుపో నాయనా, అందులో కోళ్ళు పొదుగుతున్నాయి" అన్నారట. రెండెడ్లను కట్టి ఊళ్ళోకి లాక్కొచ్చారు. నేను కొత్తగా కాపరానికి వచ్చిన రోజులవి. వీధి వీధంతా అరుగులెక్కి నవ్వింది.

బాగు చేయడానికి మూడేళ్ళు పట్టింది. దొరకని భాగాలు తనే గీసి లేతు మిషను మీద చేయించారు. ఒక గేరు చక్రం నాలుగుసార్లు తప్పొచ్చింది. నాలుగుసార్లూ "సరే, ఇలాక్కాదని తెలిసింది" అన్నారే తప్ప విసుక్కోలేదు. టాపు గుడ్డ డేరాలు కుట్టే సాయిబుగారు కుట్టారు. రంగు మాత్రం అత్తయ్యను అడిగారు. ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని కూర తరుగుతున్నారు. చేతిలోని వంకాయ ఎత్తి చూపించి, "ఇదిగో, ఈ వంగపండు రంగెయ్యి" అన్నారు. ఆ రంగే వేశారు.

స్టీరింగు ఎడమ పక్కన ఉండేది. ముందు ఎడ్లబండి పోతుంటే దాన్ని దాటి అవతల ఏం వస్తోందో నడిపేవాళ్ళకి కనబడదు. కుడిపక్క సీట్లో కూర్చున్న అత్తయ్య తొంగి చూసి, "ఎల్లు" అంటేనే మావయ్య దాటించేవారు. ఆవిడ అనకపోతే ఆ బండి వెనకాలే మైలు దూరమైనా నడిపేవారు. ఇద్దరూ అలాగే పాతపట్నం దాకా వెళ్ళొచ్చిన రోజులున్నాయి.

రెండేళ్ళ కిందట ఆయన కళ్ళు మసకబారాయి. ఎవరికీ చెప్పలేదు. ఆమదాలవలస నుంచి తిరిగొస్తూ ఒక సాయంత్రం కారును కల్వర్టు గోడకి రాసేశారు. ఇద్దరికీ ఏమీ కాలేదు. కానీ ఇంటికొచ్చి తాళం చెవి గూట్లో పెట్టి, "ఇంక తోలనే. నిన్ను కాలవలో పడేసేవాణ్ణి" అన్నారు అత్తయ్యతో. కంటి నరం ఎండిపోయిందనీ, ఆపరేషను వల్ల లాభం లేదనీ డాక్టరు తేల్చేశారు.

విశాఖపట్నం నుంచి ఎవరో కారు కావాలని వచ్చారు. "ఊరికే ఉండి తుప్పు పట్టడం దేనికి నాన్నా" అన్నారు మా ఆయన. మావయ్య గోడకేసి తిరిగి, "ఇచ్చీండ్రా" అన్నారు. ఆ గొంతు విని ఉండబట్టలేక, "నేను నేర్చుకుంటాను మావయ్యా" అనేశాను. సైకిలు కూడా తొక్కడం రానిదాన్ని! మా ఆయన నవ్వబోయి ఆగిపోయారు. మావయ్య మెల్లిగా ఇటు తిరిగారు.

"నిజంగా నేర్సుకుంతావేటమ్మీ?"

ఊరవతల బయల్లో రోజూ పొద్దున్నే పాఠం. నేను క్లచ్చి వదిలినప్పుడల్లా బండి ఎగిరిపడి ఆగిపోయేది. నాకు ఏడుపొచ్చేది. "బండి తప్పు కాదు, నీ తప్పూ కాదు. మీ ఇద్దరికీ ఇంకా నేస్తం కుదర్లేదు, అంతే" అనేవారు. చూపు లేకపోయినా చెవులు పాదరసం. "గేరు ఏడస్తన్నాది, మార్చు" అని నాకంటే ముందే చెప్పేవారు.

వీధిలో ఒకావిడ, "కోడలి సేత కారు తోలిస్తన్నారేటి, ఇదేం సోద్యం!" అంది. అత్తయ్య గుమ్మంలోకొచ్చి, "నా కోడలు తోల్తాది, నానెక్కుతాను. నీకేటొచ్చింది కష్టం?" అన్నారు. లైసెన్సు పరీక్ష రోజున ఆఫీసరు రెండు చేతులా తలుపు పట్టుకుని కూర్చుని, దిగేటప్పుడు మాత్రం, "బాగానే నడిపారు. ఇంకాస్త జోరుగా నడిపినా పరవాలేదమ్మా" అన్నారు.

మొదటి ప్రయాణం శ్రీముఖలింగానికి. మావయ్య నా పక్కన, అత్తయ్య వెనక డొప్పలో పులిహోర గిన్నె ఒళ్ళో పెట్టుకుని. దర్శనం అయ్యాక వంశధార ఒడ్డున కారు ఆపాను.

"ఏటి కనిపిస్తన్నాదమ్మీ?" అన్నారు.

"నీళ్ళు సన్నగా పారుతున్నాయి మావయ్యా. ఇసక మీద చీరలు ఆరేశారు, ఒకటి పసుపు, రెండు ఎరుపు. అవతల ఒడ్డున గేదెలు దిగుతున్నాయి. చివరి దూడ భయపడుతోంది."

"దిగిందా?"

"ఆ... దిగింది."

చాలాసేపు నవ్వుకున్నారు. "ఇన్నాళ్ళూ తోల్తూ రోడ్డే సూసేను. పక్కనేటున్నాదో ఇప్పుడు తెలస్తన్నాది" అన్నారు. ఆ తరవాత ఏడాదిలో ఎన్నిసార్లు తిరిగామో లెక్కలేదు. నేను చెప్పేదాన్ని, ఆయన వినేవారు. ఏ బడిలోనూ నేర్వని విద్య అది. ఉన్నది ఉన్నట్టు చూసి, ఇంకొకరికి చెప్పడం.

కర్మలు అయిన మర్నాడు అత్తయ్య తనంతట తానే వచ్చి కార్లో కూర్చున్నారు. నేను తాళం చెవి తెచ్చి బండి తీశాను. ఊరు దాటేసరికి రోడ్డుకి రెండు పక్కలా వరి ఈనుతోంది. అత్తయ్య చెయ్యి తలుపు మీంచి బయటికి చాచి, వేళ్ళు విప్పి, గాలిని అలా పట్టుకుని కూర్చున్నారు.