దిష్టి గుమ్మడికాయ పగలగొట్టిన మధ్యాహ్నం

దెయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. వరంగల్‌లో మాకు బట్టల దుకాణం. ఇరవై ఏళ్లుగా బేరమాడేవాళ్లతో వేగుతున్నాను, నన్ను పట్టే ఓపిక ఏ దెయ్యానికీ ఉండదనుకునేదాన్ని. గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టానంటే, బజారంతా కడుతుంది కాబట్టి కట్టాను.

మా తమ్ముడు హన్మకొండలో గది తీసుకుని పోటీ పరీక్షలకు చదివేవాడు. నిద్ర రాకుండా ఉంటుందని ఎవరో మత్తు పొడి అలవాటు చేశారు. మాకు తెలిసేసరికి మనిషి సగమయ్యాడు.

ఐదు రోజులు కన్ను మూయకుండా ఉండి, ఒక మధ్యాహ్నం దుకాణానికి వచ్చాడు. పళ్లు పటపట నూరుతున్నాడు. గల్లీలో ఆగే ప్రతి బండీ తన కోసమేనన్నాడు. లోపలికి రాకుండా, పైన వేలాడే గుమ్మడికాయనే చూస్తూ నిలబడ్డాడు.

“అక్కా, ఆ కాయల నా ఎంటికలు పెట్టిండ్రు. గందుకే నా తలకాయల మాట్లాడుతాండ్రు.”

దవాఖానకు పోదామంటే పారిపోబోయాడు. చేతికి దొరక్కుండా పోతాడేమోనని నాకు ఒకటే భయం. చివరికి, కాయ పగలగొట్టి చూపించు, ఏమీ లేకపోతే వస్తానన్నాడు. అమావాస్య రాకుండా దింపకూడదని మా అత్త మొత్తుకుంది. నేను వినలేదు.

కాయను తిప్పి తిప్పి చూశాను. ఎక్కడా చిల్లు లేదు, బీట లేదు. రోడ్డు మీద, ఎండలో, నేనే నేలకేసి కొట్టాను.

గింజల మధ్య గుప్పెడు వెంట్రుకలు. ఎర్ర రంగు వేసినవి. కాయ కట్టింది దసరాకు. తమ్ముడు జుట్టుకు ఎర్ర రంగు వేయించుకున్నది దీపావళి దాటాక.

వాడు నా వెనకే ఉన్నాడు. గుజ్జుతో సహా వాటిని పిడికిట్లో దాచి, “సూడు, గింజలు దప్ప ఏం లెవ్వు” అన్నాను. ముక్కలన్నీ చూసుకుని, ఏడుస్తూ ఆటో ఎక్కాడు. నేను పిడికిలి మురుగు మోరీలో దులిపి వాడి పక్కన కూర్చున్నాను.

డాక్టరు విడమరిచి చెప్పాడు. ఆ పొడికి మెదడులో డోపమైన్ అనే రసాయనం కట్టు తెంచుకుంటుందట. దానికి నిద్ర కరువు తోడైతే లేని మాటలు వినిపిస్తాయి, ఎదుటివాడు దగ్గినా కుట్రే అనిపిస్తుంది. ఇదంతా నమ్మాను, ఇప్పటికీ నమ్ముతాను. మందులతో తమ్ముడు కోలుకుంటున్నాడు కూడా. వెంట్రుకల సంగతి మాత్రం ఆయనకు చెప్పలేకపోయాను. పొడి ముట్టనిదాన్ని, రాత్రంతా నిద్రపోయినదాన్ని, నాకెలా కనిపించాయో ఈ రోజుకీ తెలియదు.

భయమేసినప్పుడల్లా వాడు ఫోన్ చేసి ఒక్కటే అడుగుతాడు. “ఆ కాయల నిజంగ ఏం లేకుండె గదా అక్కా?”

ఏం లేకుండెరా అంటాను. ఆ ఒక్క మాట పట్టుకునే వాడు మందులు వేసుకుంటున్నాడు.