తొలి ఏకాదశినాడు ఒకే ఒక్క మునక

ఆ రోజుల్లో మాకున్న భయాలు రెండే: వీసా కాగితాలు, అక్క కోపం. కొండలూ నీళ్ళూ మనల్నేం చేస్తాయిలే అనుకునేవాళ్ళం. (ఇరవై నాలుగేళ్ళ వయసులో ఎవరి బుర్రయినా అంతే లెండి, నాదైతే మరీను.) ఎనభయ్యో దశకం మొదట్లో నేను డెన్వర్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరితే, మిషిగన్ నుంచి అక్కా, డాక్టరు బావగారూ చూడ్డానికొచ్చారు. జులై నెల. పొద్దున్నే కార్లో కొండెక్కి, మైలు దూరం నడిచి, పైనున్న హిమానీనదం కరిగి నిండిన సరస్సు ఒడ్డుకి చేరాం. అవతలి అంచున ఇంకా మంచుపలకలు తేలుతున్నాయి. అవి చూసైనా మాకు బుద్ధి రావాలా? రాలేదు.

"ఇవాళ తొలి ఏకాదశి. ఇంత స్వచ్ఛమైన నీళ్ళు కనబడితే మూడు మునకలు వేయకుండా పోతామా?" అంటూ బావగారు పంచె కట్టేశారు. నీళ్ళు ప్రాణం తీసేంత చల్లన, అడుగు ఉన్నట్టుండి లోతు, దిగవద్దు అని ఒడ్డున బోర్డుంది. చదివి వినిపించాను. "అది ఈ దేశంవాళ్ళకిరా. మాఘమాసంలో గోదాట్లో మునిగినవాణ్ణి, నాకా చెప్తావ్!" అన్నారు. గోదారి పేరెత్తేసరికి నేనూ బోర్డుకి వీపు తిప్పేశాను.

ఆయన మొలలోతు దిగి, ముక్కు మూసుకుని, మొదటి మునక వేసి లేచారు. లేచి అలాగే నిలబడిపోయారు. కళ్ళు పైకి, నోరు సగం తెరిచి, చేతులు రెండూ ఛాతీ దగ్గర ముడుచుకుని. "బావగారూ, రెండోది!" అన్నాను. పలకలేదు. "నోర్ముయ్యరా, జపంలో ఉన్నారు. డిస్టర్బ్ చేయకు" అని కసిరి, అక్క కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టింది. నేనూ పెట్టాను. అక్కడ మనిషి ఊపిరాడక బిగుసుకుపోతుంటే, భార్యా బావమరిదీ ఒడ్డున భక్తితో చేతులు జోడించి నిలబడ్డాం!

ఎందుకో ఒక కన్ను తెరిచి చూశాను. బావగారి పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. మొలదాకా ఉన్న నీళ్ళు రొమ్ముదాకా వచ్చాయి. ఆయన కాళ్ళకింద రాళ్ళు జారిపోతున్నాయి. "అక్కా, అది జపం కాదే!" అని అరిచి, నీళ్ళమీద తేలుతున్న పంచె కొస అందుకుని బలంకొద్దీ లాగాను. పంచె వచ్చింది. బావ రాలేదు. నీళ్ళు గడ్డాన్ని తాకాయి. "ఏవండీ!" అని అక్క పెట్టిన కేకకి కొండ పలికింది గానీ ఆయన పలకలేదు.

నాకు ఈత రాదు. అయినా దిగిపోయాను. రొమ్ములోతు వెళ్ళేసరికి నా గొంతు బిగుసుకుపోయింది, ఎంత పీల్చినా గాలి చాలడం లేదు. బావ ఎందుకు పలకలేదో అప్పుడర్థమైంది. చేతికి జుట్టు దొరికింది. (అప్పట్లో ఉండేది ఆయనకి.) పట్టుకుని వెనక్కి విరుచుకుపడ్డాను. అక్క చీరతోనే నీళ్ళలోకొచ్చి, నా బెల్టు పట్టుకుని ఇద్దర్నీ ఒడ్డుకి ఈడ్చేసింది.

కోట్లూ దుప్పట్లూ అన్నీ కప్పి, ఫ్లాస్కులో కాఫీ గుక్కగుక్కగా పట్టిస్తే, చాలాసేపటికి పళ్ళు టకటకలాడిస్తూ ఆయన నోరు విప్పారు. "నా... పంచేదిరా?" అక్క నవ్వలేదు. ఏడ్చింది, ఆయన భుజమ్మీద ఒక్కటేసింది, మళ్ళీ ఏడ్చింది.

ఇప్పుడు బావగారికి ఎనభై దగ్గరపడ్డాయి. ఫోన్లో మాట్లాడుతూ, ఏదో పేరు గుర్తురాక, మధ్యలో ఆగిపోతుంటారు. వెంటనే నేను "బావా! పలుకు బావా!" అని ఇల్లెగిరిపోయేలా అరుస్తాను. "ఉన్నాన్రా, అరవకు" అంటారాయన. ఇంత వయసొచ్చి ఈ కంగారేమిటని మా ఆవిడ నవ్వుతుంది, నాకూ నవ్వొస్తుంది. కానీ ఆయన మళ్ళీ పలికేదాకా నేను మాత్రం ఊపిరి తీసుకోను.